థైలేరియాకు బుపార్వాక్వోన్ సూది: మంచి మందే, కానీ ఏ రోజు వేశారన్నదే లెక్క

సంకర జాతి ఆవుకు థైలేరియా, అంటే పిడుదులు అంటించే జ్వరం జబ్బు, అని తేలితే వేయించాల్సిన సూది బుపార్వాక్వోన్. అందులో రెండో మాట లేదు. 5 శాతం ద్రావణం, అంటే మి.లీ.కి 50 మి.గ్రా. మందు. సీసాలో ముదురు ఎరుపుగా కనిపిస్తుంది. మొదట బ్యూటాలెక్స్ పేరుతో వచ్చింది. ఇప్పుడు అదే మందును మన దేశంలో పలు కంపెనీలు తమ తమ పేర్లతో అమ్ముతున్నాయి. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా మందు గురించే, ఫలానా కంపెనీ సీసా గురించి కాదు. చవకైన మందు కాదు, పెద్ద ఆవుకైతే 20 మి.లీ. సీసా దాదాపు ఖాళీ అవుతుంది. ఇంత పెడితే ఆవు బతుకుతుందా అని రైతు అడగడం న్యాయమే.

ఆ ప్రశ్నకు సగం జవాబే మందులో ఉంది. మిగతా సగం, సూది పడే రోజుకి ఆవు లోపల ఏ అవయవం ఎంతవరకు చెడిపోయిందన్న దాంట్లో ఉంది. ఒకే సీసా, ఒకే మోతాదు. ఒక ఆవు మూడో రోజుకి నెమరు వేస్తుంది, ఇంకొకటి మూడో రోజుకి నోట్లో నురగతో పడిపోతుంది. రెండో ఆవు విషయంలో మందు నకిలీదన్న మాట వెంటనే వస్తుంది. చాలాసార్లు తప్పు మందుది కాదు. క్రిమి చచ్చింది, కానీ అప్పటికే ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, నాలుగో పొట్టలో పుండ్లు పడ్డాయి. వాటిని మాన్పే గుణం ఈ మందుకు లేదు.

మన దగ్గర పశువుల్లో ఈ జబ్బు తెచ్చేది థైలేరియా అన్యులాటా. మోసుకొచ్చేది హయాలోమా జాతి పిడుదులు, కొన్ని ఊళ్లలో గోమార్లు అంటారు. పిడుదు కరిచిన క్షణంలోనే రోగం ఎక్కదు. అది చర్మానికి అతుక్కుని రక్తం పీల్చడం మొదలుపెట్టాక, దాని లాలాజల గ్రంథుల్లో క్రిమి పక్వానికి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. రోజూ చేత్తో తడిమి పిడుదులు ఏరేసే ఇంట్లో ఈ జబ్బు తక్కువగా ఉండటానికి కారణం ఇదే. ఒంట్లోకి దిగిన క్రిమి ముందుగా ఎర్ర రక్తకణాల జోలికి పోదు. రోగనిరోధకానికి పనిచేసే తెల్ల కణాల్లో, ముఖ్యంగా మాక్రోఫేజ్‌లలో దూరుతుంది. దూరి ఆ కణాన్ని చంపదు, దాన్ని విడిపోతూ పెరుగుతూ ఉండేలా మారుస్తుంది. కణం రెండుగా చీలినప్పుడల్లా లోపలి క్రిమి కూడా రెండుగా పంచుకుంటుంది. చూడటానికి క్యాన్సర్ లాంటి తీరే. తేడా ఏమిటంటే, క్రిమి చస్తే ఆ కణం పెరుగుదల ఆగిపోతుంది. బుపార్వాక్వోన్ గొప్పదనం ఇక్కడే తెలుస్తుంది. క్రిమిలోని మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ బి అనే ప్రొటీన్‌ను పట్టుకుని దాని శక్తి తయారీని ఆపేస్తుంది. తెల్ల కణాల్లో ఉన్న దశ మీదా, తరువాత ఎర్ర కణాల్లోకి చేరే దశ మీదా పనిచేస్తుంది.

పిడుదు కరిచిన ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం 104 నుంచి 106 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఎక్కుతుంది. భుజం ముందు బిళ్ళ కడుతుంది, అంటే అక్కడి లింఫ్ గ్రంథి వాస్తుంది. చేత్తో పట్టుకుంటే వేడిగా, గట్టిగా తెలుస్తుంది. ఒక్కోసారి నిమ్మకాయంత, ఇంకా పెద్దది కూడా. చెవి కింద, డొక్క ముందు భాగంలో కూడా బిళ్ళలు వాస్తాయి. ఈ రెండు మూడు రోజులే సూది వేయడానికి బంగారం లాంటి సమయం. ఎందుకంటే రోగం ఇంకా ఈ లింఫ్ గ్రంథుల్లోనే ఎక్కువగా ఉంది.

అక్కడి నుంచి క్రిమి పట్టిన కణాలు రక్తం వెంట, లింఫ్ వెంట ఒళ్ళంతా పరుచుకుంటాయి. వెళ్లిన చోటల్లా వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి. వాటివల్ల సన్నని రక్తనాళాల గోడలు కారడం మొదలవుతుంది. ఈ జబ్బులో అవయవాలు చెడేది ఎక్కువగా ఇలాగే. రక్తం తగ్గడమొక్కటే కారణం కాదు.

చచ్చిన పశువును కోసి చూస్తే ముందుగా కంటపడేది నాలుగో పొట్ట, అబోమేసం. మడతల మీద గుండ్రటి పుండ్లు, రెండు మి.మీ. నుంచి పన్నెండు మి.మీ. దాకా, చుట్టూ ఎర్రటి అంచు, మధ్యలో పంచ్ కొట్టినట్టు గుంట. ఈ జబ్బుకు ఇది ముద్ర లాంటిది. బతికున్న ఆవులో దీని ఆనవాలు పేడలో కనిపిస్తుంది. మొదట మలబద్ధకం, తరువాత జిగురు, ఆపైన నల్లగా తారులాంటి పేడ. నల్ల పేడ కనిపించిందంటే పుండు నుంచి రక్తం పోతోందని అర్థం. అప్పటికే ఎర్ర కణాలు తగ్గుతున్న ఆవు, మరోవైపు పొట్టలోకి కూడా రక్తం పోగొట్టుకుంటుంది.

ఇక్కడే మన ఊళ్లలో జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. జ్వరం దిగడానికని రోజూ మెలోక్సికామ్, ఫ్లూనిక్సిన్ లాంటి నొప్పి సూదులు వేయిస్తారు. థైలేరియా సూది ఖరీదని రెండు రోజులు ఆగుతారు. ఆ రెండు రోజుల్లో జ్వరం మందు వల్ల వేడి తగ్గినట్టు కనిపిస్తుంది. లోపల క్రిమి పెరుగుతూనే ఉంటుంది. పైగా ఈ నొప్పి మందులే పొట్ట గోడను కాపాడే పొరను పలచన చేసి పుండ్లను లోతు చేస్తాయి. డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ సూది అయితే అసలు వద్దు. అది రోగనిరోధకాన్ని అణచేస్తుంది, పుండ్లనూ పెంచుతుంది. జ్వరం మరీ 106 దాటితే డాక్టరు ఒక్క మోతాదు నొప్పి మందు ఇవ్వడం వేరు, అదే వైద్యంగా సాగించడం వేరు. (మందు పడిన కళేబరం తిని రాబందులు చస్తున్నాయని, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందును పశువులకు వాడటం 2006లోనే మన దేశంలో నిషేధించారు. 2023లో కీటోప్రోఫెన్, అసిక్లోఫెనాక్‌లనూ చేర్చారు. ఎవరైనా అవి తెస్తే వద్దనండి.)

చంపేది మాత్రం ఎక్కువసార్లు ఊపిరితిత్తులే. రక్తనాళాలు కారిన నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పోస్టుమార్టంలో అవి బరువుగా, తడిగా ఉంటాయి. శ్వాసనాళం నిండా తెల్లటి నురగ ఉంటుంది. బతికున్నప్పుడు గుర్తులు: నిమిషానికి ఊపిరి అరవై దాటడం, మెడ చాచి నోరు తెరిచి పీల్చడం, ముక్కు నుంచి నురగ, వీపు వైపు వినిపించే గరగర. ఈ స్థితిలో బుపార్వాక్వోన్ వేసినా ఫలితం చెప్పలేం. వేయాలి, కానీ ఆశ తక్కువ. ఫ్రూసెమైడ్ కిలోకు 0.5 నుంచి 1 మి.గ్రా. చొప్పున డాక్టరు ఇస్తారు, అది నీటిని కొంత లాగుతుంది. నీరసంగా ఉందని వరసగా సెలైన్ సీసాలు వేగంగా ఎక్కించడం ఈ ఆవుకు ప్రాణాంతకం. కారుతున్న నాళాల్లోకి నీరు నింపితే అది నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. సెలైన్ పెట్టేముందు ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టమని అడగండి. అది రైతు హక్కు.

కాలేయం వాచి, పసుపు కలిసిన గోధుమ రంగుకు తిరిగి, వేలితో నొక్కితే చిట్లేలా అవుతుంది. పిత్తాశయం చిక్కటి పిత్తంతో నిండి సాగుతుంది. ప్లీహం రెండు మూడింతలు పెరగడం మామూలే. గుండె మీద, మూత్రపిండాల మీద రక్తపు మచ్చలు, మూత్రపిండాల్లో తెల్లటి చిన్న బొడిపెలు. దూడల్లో కనుగుడ్లు బయటికి పొడుచుకురావడం, కంటి రెప్ప లోపలి పొరమీద సూదిమొనంత రక్తపు చుక్కలు ఉంటాయి. దూడ కంట్లో ఈ చుక్కలు కనిపిస్తే గంటలు కూడా ఆలస్యం చేయకూడదు.

రక్తహీనత కొంచెం వెనక వస్తుంది. క్రిమి ఎర్ర కణాల్లోకి చేరాక, ప్లీహం, కాలేయంలోని మాక్రోఫేజ్‌లు ఆ కణాలను ఏరి మింగేస్తాయి. అందుకే కంటి పొరలు ముందు తెల్లబడతాయి, తరువాత పసుపు తిరుగుతాయి. ఎర్ర కణాలు రక్తనాళాల్లోనే పగలవు కాబట్టి మూత్రం ఎర్రగా రావడం ఇందులో సాధారణం కాదు. కాఫీ రంగు మూత్రం వస్తే ముందు పిడుదుల వల్లే వచ్చే మరో జబ్బు బబేసియాను అనుమానించాలి. ఇది సీసా కొనేముందు తెలియాల్సిన విషయం. బుపార్వాక్వోన్ బబేసియా మీద, అనాప్లాస్మా మీద నమ్మదగ్గ మందు కాదు. బబేసియాకు డైమినజీన్ లేదా ఇమిడోకార్బ్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్ లేదా ఇమిడోకార్బ్. ఒకే ఆవులో రెండు జబ్బులు కలిసి ఉండటం పిడుదులున్న చోట వింతేమీ కాదు. ఒక మందుకు జ్వరం దిగకపోతే ఆ సంగతీ ఆలోచించాలి.

అందువల్ల మందు ఎంత మంచిదైనా, స్లైడు లేకుండా కొనొద్దని మా మాట. చెవి నరం నుంచి తీసిన రక్తపు స్లైడును జీమ్సా రంగుతో చూస్తారు. మొదటి రోజుల్లో ఎర్ర కణాల్లో క్రిమి ఉండదు కాబట్టి అది ఖాళీగా రావచ్చు. అప్పుడు భుజం ముందు బిళ్ళలో సూది గుచ్చి తీసిన స్లైడు అడగండి. తెల్ల కణాల్లో నీలి ముద్దలు కనిపిస్తాయి, కాక్స్ బ్లూ బాడీస్ అంటారు. అది ఉంటే జబ్బు ఇప్పుడు రగులుతున్నట్టే. దీనికి తిరగబడ్డ సంగతి కూడా ఉంది: ఎప్పుడో కోలుకున్న ఆవు ఎర్ర కణాల్లో కొద్దిపాటి క్రిమి ఏళ్ల తరబడి మిగిలి ఉంటుంది. అలాంటి ఆవుకు వేరే కారణంతో జ్వరం వచ్చినా స్లైడులో థైలేరియా కనిపిస్తుంది. బిళ్ళ లేకుండా, రక్తం బాగుండి, ఒక్కో స్లైడులో ఒకటీ అరా క్రిమి ఉన్న ఆవుకు ఈ మందు వేసి డబ్బు పోగొట్టుకోవడంలో అర్థం లేదు.

మోతాదు దగ్గర జరిగే అన్యాయం చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. కిలో బరువుకు 2.5 మి.గ్రా., అంటే ప్రతి 20 కిలోలకు 1 మి.లీ. 60 కిలోల దూడకు 3 మి.లీ., 200 కిలోల పెయ్యకు 10, 350 కిలోల ఆవుకు 17.5, 450 కిలోల హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవుకు 22.5 మి.లీ. కంటితో చూసి పది మి.లీ. వేసి వెళ్లిపోవడం చాలా చోట్ల అలవాటు. సగం మోతాదుకు జ్వరం తగ్గినట్టే తగ్గి నాలుగైదు రోజుల్లో తిరగబడుతుంది. పైగా చావకుండా మిగిలిన క్రిమి మందుకు అలవాటు పడే దారి దొరుకుతుంది. సైటోక్రోమ్ బి జన్యువులో మార్పులతో ఈ మందుకు లొంగని క్రిములు టునీషియా, ఇరాన్, సూడాన్ దేశాల్లో బయటపడ్డాయి. మనకు ఇంతకు మించిన మందు లేదు, కాబట్టి దీన్ని పాడుచేసుకోకూడదు.

బరువు తూచే కాటా లేకపోయినా టేపు చాలు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో, భుజం ఎముక మొన నుంచి పిరుదు ఎముక మొన దాకా పొడవు అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతను దాంతోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 66, పొడవు 54 అయితే దాదాపు 356 కిలోలు. మందు సుమారు 18 మి.లీ.

సూది మెడ కండలోనే, లోతుగా. ఒక్క చోట 10 మి.లీ.కి మించి పోయకూడదు. 18 మి.లీ. అంటే మెడకు రెండు వైపులా తొమ్మిదేసి. ఈ మందు నీటిలో కరగదు, కాబట్టి నరానికి ఎక్కించేది కాదు, సెలైన్‌లో కలిపేదీ కాదు. సిరంజి, సూది పొడిగా ఉండాలి. వేసిన చోట వాపు, నొప్పి కొన్నాళ్లు ఉండొచ్చు, అది తగ్గిపోతుంది. సీసాను 25 డిగ్రీలు దాటని చీకటి చోట పెట్టమని లేబుల్ చెబుతుంది. మే నెలలో మధ్యాహ్నమంతా బండి డిక్కీలో తిరిగిన సీసాను నమ్మడం కష్టం. కొనేటప్పుడు బిల్లు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూసి తీసుకోండి.

సకాలంలో, సరైన మోతాదులో వేస్తే 48 నుంచి 72 గంటల్లో జ్వరం దిగుతుంది, మేత ముడుతుంది. దిగకపోతే 48 నుంచి 72 గంటల మధ్య రెండో మోతాదు వేయొచ్చు. బిళ్ళలు కరగడానికి వారం పైనే పడుతుంది. దాన్ని చూసి మందు పనిచేయలేదనుకోవద్దు. రక్తం కూడా వెంటనే పెరగదు. క్రిమి చచ్చాక కూడా దెబ్బతిన్న ఎర్ర కణాల ఏరివేత కొద్ది రోజులు సాగుతుంది. ఎముక మజ్జ కొత్తవి పంపడం మొదలుపెట్టడానికి నాలుగైదు రోజులు కావాలి. అందుకే జ్వరం దిగిన ఆవు కూడా మూడు నాలుగు రోజుల తరువాత ఇంకా తెల్లబడటం చూస్తాం. ఈ రోజుల్లో ఆవును నడిపించకూడదు. నీడలో కట్టి, నీళ్లు, మేత దగ్గరికే అందించాలి. ఆసుపత్రికి రెండు కిలోమీటర్లు తోలుకెళ్లే దారిలోనే పడిపోయే ఆవులుంటాయి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం ఇంటికే వస్తుంది.

పీసీవీ, అంటే రక్తంలో ఎర్ర కణాల వాటా, ఆరోగ్యమైన ఆవులో 24 నుంచి 46 శాతం. అది 12 శాతం దరిదాపుల్లోకి పడితే ఐరన్ టానిక్‌లతో పని కాదు, రక్తం ఎక్కించాలి. ఆవులకు మొదటిసారి రక్తం ఎక్కించడంలో గ్రూపు సరిపోలికల బెడద దాదాపు ఉండదు. వారం గడిచాక రెండోసారి ఎక్కిస్తే మాత్రం ప్రమాదం. 400 కిలోల ఆరోగ్యమైన ఆవు నుంచి 4 లీటర్ల దాకా తీయొచ్చు. 9 వంతుల రక్తానికి 1 వంతు 3.8 శాతం సోడియం సిట్రేట్ కలపాలి. మొదటి పావుగంట చుక్క చుక్కగా ఎక్కించి, వణుకు, ఆయాసం లేవని చూసుకున్నాకే వేగం పెంచాలి. రక్తమిచ్చే ఆవుకు కూడా స్లైడు చూడాలి. ఇవ్వాల్సింది రక్తం, ఇంకో జబ్బు కాదు.

చూలు ఆవుల్లో ఎక్కువ జ్వరం వల్ల, కడుపులో బిడ్డకు ప్రాణవాయువు తగ్గడం వల్ల ఈసుకుపోవడం జరుగుతుంది. సూది వేశాక ఈసుకుపోతే నింద మందు మీద పడుతుంది. కారణం మాత్రం దాదాపుగా జబ్బే.

ఇక దీనితో పోల్చాల్సిన రెండో సరుకు టీకా. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వారి రక్షావ్యాక్-టి. తెల్ల కణాల్లో పెంచి, బలం తగ్గించిన సజీవ క్రిమితో చేసినది. ద్రవ నత్రజనిలోనే నిలవ ఉంచాలి. కరిగించాక 3 మి.లీ. చర్మం కింద, ఆలస్యం లేకుండా వేసేయాలి. సంకర జాతి, విదేశీ జాతి పశువులకు మూడు నెలల వయసు దాటాక వేస్తారు, చూలు పశువులకు వేయరు. చిత్తూరు వైపు లాగా జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరాలు నిండుగా ఉన్న చోట ఒక్క ఆవు వైద్యానికయ్యే ఖర్చుతో పోల్చి చూస్తే ఈ టీకా ఏ లెక్కన చూసినా మేలు. దీని లోపం ఒక్కటే, ద్రవ నత్రజని కంటైనర్ లేని ఊరికి చేరదు. ఇరుగుపొరుగు రైతులు ఇరవై ముప్పై దూడలను ఒకే రోజు ఒక చోట చేరుస్తామంటే తెప్పించడం సులువవుతుంది. ఒంగోలు లాంటి నాటు జాతులు ఈ జబ్బును చాలావరకు తట్టుకుంటాయి కాబట్టి వాటికి అంత అవసరం పడదు.

పిడుదుల మందు ఆవు ఒంటికే కొట్టి ఊరుకుంటే సగం పనే. హయాలోమా గోడ పగుళ్లలో, గాటి పాక దూలాల సందుల్లో దాక్కుని గుడ్లు పెడుతుంది. డెల్టామెత్రిన్ 1.25 శాతం మందును లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున ఆవు ఒంటికీ, గోడల పగుళ్లకూ ఒకే రోజు కొట్టి, రెండు మూడు వారాలకు మళ్లీ కొట్టాలి. పగుళ్లు సిమెంటుతో పూడ్చేస్తే ఇంకా మంచిది.

చివరగా లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉండే రెండు మాటలు. సూది వేశాక 2 రోజుల పాలు మనుషులకు పోయకూడదు, 42 రోజుల దాకా మాంసానికి పంపకూడదు. థైలేరియా పట్టిన ఆవులో రోగనిరోధకం అణగి ఉంటుంది కాబట్టి గాలికుంటు, గొంతువాపు టీకాలు పూర్తిగా కోలుకున్నాకే వేయించాలి. ఊళ్లో టీకాల శిబిరం పెట్టిన రోజున, గత నెలలో ఈ సూది పడిన ఆవేదో సిబ్బందికి ముందే చెప్పి పక్కన కట్టేయండి.